ఏడు కూడళ్ళ సింహాలు

కొత్వాలు ఉగ్గన తోలుసంచిని రాతిబండ మీద బోర్లించాడు. ఆరు అద్దపు పెంకులు గలగలా రాలి ఎండలో తళుక్కుమన్నాయి.

"ఆరు సింహాల కాళ్ళ దగ్గర ఆరు పెంకులు దొరికాయి," అన్నాడతను. ఎదురుగా వరసకట్టిన నలభైమంది వెల్ల పనివాళ్ళను ఒక్కొక్కరినే చూస్తున్నాడు. "ఏడో పెంకు రాలకముందే ఆ దొంగ నా చేతికి చిక్కాలి. వాడు మీలోనే ఉన్నాడు."

వరసలో ముప్పై ఒకటో మనిషి చెంగన్న. తలకు మురికి పాగా, మోచేతుల దాకా సున్నపు మరకలు, చేతిలో వెల్ల కుంచె. ఆ చెంగన్న మగవాడు కాడనీ, తండ్రి చూపు పోయాక కూలి కోసం మగవేషం వేసిన చెంగల్వ అనే ఇరవై ఏళ్ళ పడుచు అనీ ఆ కూడలిలో తెలిసినవాడు ఒక్కడే. అతను బండిచక్రానికి కట్టివేయబడి ఉన్నాడు. రెండు కళ్ళకూ పొరలు కమ్మిన ముసలి చిత్రకారుడు సోమలింగం, ఆమె తండ్రి.

"మధ్యాహ్నం గంట మోగేలోగా దొంగ దొరికితే సరి," అన్నాడు ఉగ్గన తాపీగా. "లేకుంటే ఈ ముసలాడిని సున్నపు బట్టీలో వేయమని మంత్రిగారి ఆన. పట్నంలో బొమ్మలకు కళ్ళు వేయడం తెలిసినవాడు ఇతనొక్కడేగా."

చెంగల్వ పొద్దు వైపు చూసింది. గంటకు ఇంకా రెండు ఘడియలే ఉన్నాయి.

వైడూర్యపురిని చూసినవారు మరో నగరాన్ని మెచ్చుకోరని బాటసారులు చెప్పుకునేవారు. పావురాల మెడరంగు పెంకులు కప్పిన మేడలు, చందనపు తలుపులు, వానచినుకు పడితే వీణలా మోగే రాగి చూరులు. ఆ నగరానికి ఏడు కూడళ్ళు. కూడలికొక గచ్చు సింహం, ఒక్కొక్కటీ ఏనుగంత. నగరం కట్టిన తొలి రాజుకు ఏడు పెంపుడు సింహాలు ఉండేవనీ, ఆయన పోయాక అవి కదలక మెదలక కూర్చుండిపోతే ప్రాణం ఉండగానే గచ్చు పూశారనీ అవ్వలు పిల్లలకు అన్నం తినిపిస్తూ చెప్పేవారు. అన్నం తిన్న పిల్లలు పెద్దయ్యాక ఆ మాట నమ్మేవారు కాదు.

ఏటా సంవత్సరాది ముందు ఆ సింహాలకు వెల్ల వేస్తారు. ఈ ఏడు వెల్ల మొదలైన నాటినుంచీ ఒక వింత జరుగుతోంది. తిన్నగా ముందుకు చూడవలసిన సింహాల చూపు పక్కకు తిరుగుతోంది. మార్పు గోరంత. కనుపాప గింజెడు జరిగింది, అంతే. కానీ రోజూ ఆ దారిన నడిచేవాడికి ఏదో తేడా కొడుతుంది. నిలబడతాడు. సింహం చూస్తున్న వైపే తనూ చూస్తాడు.

మొదట తమలపాకుల వాడు బుట్ట తీసి రెండడుగులు జరిగి కూర్చుని, చూరు అడ్డం లేకుండా అటు చూశాడు. తర్వాత కుండల అంగడి వాళ్ళు చూశారు. నెల తిరిగేసరికి ఊరి జనం నీళ్ళకు పోతూ, పెళ్ళికి పోతూ, చావుకు పోతూ కూడా ఒకసారి తలెత్తి అటు చూడడం అలవాటు చేసుకున్నారు. ఎవరూ నోరు మెదపలేదు. ఆరు కూడళ్ళ నుంచి ఆరు సింహాలు చూస్తున్నది ఒకే చోటికి. కోట వెనక పాడుబడ్డ నీటిమేడ వైపు.

ఆ నీటిమేడలో ఎవరున్నారో చెంగల్వకు తెలుసు. తెలిసినా చెప్పలేదు.

ఆరు నెలల కిందట ఆ మేడ కిటికీ మూసి గచ్చు పూయడానికి ఇద్దరు పనివాళ్ళను కళ్ళకు గంతలు కట్టి తీసుకెళ్ళారు. ఒకడు మేస్త్రి గవరయ్య, రెండోవాడు చెంగన్న. గంతలు విప్పేసరికి ఇనుప కడ్డీల వెనక యువరాజు ఉదయార్కుడు. తీర్థయాత్రకు పోయి సముద్రంలో మునిగాడని ఊరంతా కర్మకాండలు చేసిన యువరాజు. పని ముగియగానే మంత్రి కరాళదత్తుడు స్వయంగా వచ్చి ఇద్దరి నాలుకల మీదా, వేళ్ళ మీదా బూడిద రాశాడు. "చూసింది చెప్పారా, నాలుక రాయి అవుతుంది. రాశారా, వేళ్ళు రాళ్ళవుతాయి," అని నవ్వి పంపేశాడు.

గవరయ్య ఆ రాత్రి పెళ్ళాంతో సగం మాట అన్నాడు. తెల్లారేసరికి అతని నోట్లో నాలుక ఉండవలసిన చోట నల్లరాతి పలక ఉంది.

చెంగల్వ వారం రోజులు నిద్రపోలేదు. చెప్పకూడదు, రాయకూడదు. కానీ సింహం కన్ను కొద్దిగా జరపకూడదని మంత్రి అనలేదు కదా. మొదటి సింహానికి కనుపాప పెట్టిన క్షణాన ఆమె చూపుడువేలు కొస చల్లబడింది. అంతే, రాయి కాలేదు. పట్టపగలు, వందమంది మధ్య, నిచ్చెన మీద నిలబడి ఆ పని చేసింది. నిచ్చెనెక్కిన వెల్లవాడిని ఎవరు చూస్తారు?

ఎవరూ చూడలేదు. కానీ అద్దపు పెంకులు పట్టించాయి.

"ఈ ముసలాడు నిన్న ఒక సంగతి చెప్పాడు," అంటున్నాడు ఉగ్గన. "కళ్ళు వేసేవాడు బొమ్మకు వీపు పెట్టి, అద్దంలో చూస్తూ వేస్తాడట. కొత్తగా తెరిచిన కన్ను మొట్టమొదట దేన్ని చూస్తే దాన్ని పగలగొడుతుందట. అందుకని ఆ చూపు అద్దం మీద పడనిస్తారు, అద్దం పగులుతుంది. అంతేనా, ముసలయ్యా?"

"అంతే నాయనా," అన్నాడు సోమలింగం. "ఏడు తరాలుగా అంతే."

"అంటే అద్దం పెట్టుకు తిరిగేవాడే దొంగ. సోదా చేస్తే అద్దం దొరకదు. పారేసి ఉంటాడు. అందుకని ఇంకో పని చేద్దాం." ఉగ్గన చప్పట్లు కొట్టాడు. భటులు రెండు తట్టలు తెచ్చి దింపారు. వాటి నిండా కళ్ళు లేని మట్టి చిలకలు. "ఒక్కొక్కడూ ఒక్కో చిలకకు కళ్ళు పెట్టండి. కాటుక అదిగో, పుల్ల అదిగో."

"దొరా, నాకు ముగ్గుచుక్క పెట్టడం కూడా రాదు," అన్నాడు వరసలో ముప్పయ్యోవాడు బుడగయ్య. పొట్ట ముందూ మనిషి వెనకా నడిచే బాపతు. "చిలక కాస్తా గుడ్లగూబ అవుతుంది."

"గుడ్లగూబ అయినా ఫరవాలేదు. పెట్టు."

పనివాళ్ళు ఒక్కొక్కరే పోయి చిలకకు ఎదురుగా కూర్చుని చుక్కలు పెట్టి లేస్తున్నారు. ఒకడి చిలకకు మెల్ల, ఒకడి చిలకకు మూడు కళ్ళు. జనం నవ్వుతున్నారు. ఉగ్గన నవ్వడం లేదు. అతను చిలకలను చూడడం లేదని చెంగల్వ గమనించింది. మనుషుల ముఖాలు చూస్తున్నాడు.

"నీ వంతు చెంగా," బుడగయ్య మోచేత్తో పొడిచాడు. "భయపడకు. నా గుడ్లగూబ పక్కన నీది నెమలిలా కనపడుతుంది."

ఆమె కూర్చుంది. వీపు తిప్పకూడదు. అందరిలాగే ఎదురుగా చూస్తూ, అందరిలాగే వంకరగా, రెండు చుక్కలు. పుల్ల కాటుకలో ముంచింది. కుడి కన్ను వంకరగా పెట్టింది, చిలక చూపు తెరుచుకోకుండా. ఎడమ కన్ను దగ్గరకు పుల్ల పోయింది.

ఆరేళ్ళ వయసులో తండ్రి ఆమె వేలు పట్టుకుని మొదటి చుక్క పెట్టించాడు. ఆ రోజునుంచి పద్నాలుగేళ్ళు, కొన్ని వేల కళ్ళు. రెండో చుక్క పడే క్షణాన బొమ్మ ముఖంలోకి చూడని అలవాటు ఆమె ఒంటిలో నెత్తురులా కలిసిపోయింది. ఆమె ఆపుకునేలోపే, రెప్పలు వాటంతటవే వాలిపోయాయి.

చుక్క సరిగ్గా పడింది. కళ్ళు తెరిచేసరికి ఉగ్గన ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు.

"ముప్పైమంది కళ్ళు పెద్దవి చేసుకుని పెట్టారు," అన్నాడతను మెల్లగా. "నువ్వొక్కడివే మూసుకుని పెట్టావు. లే."

ఈటె మొనతో పాగా ఎగరగొట్టాడు. నడుము దాకా జుట్టు జారింది.

"ఓరి నీ..." బుడగయ్య నోరు తెరుచుకుపోయింది. "ఆర్నెల్లు నా పక్కన కూర్చుని చద్దన్నం తిన్నావు గదరా. గదమ్మా. నేను ఎన్ని బూతులు మాట్లాడానో ఏమో."

సరిగ్గా అప్పుడే బూరలు మోగాయి. జనం రెండు పాయలయ్యారు. పన్నెండుమంది బోయీలు మోస్తున్న దంతపు పల్లకి గాలిలో తేలుతున్నట్టు వచ్చి ఆగింది. నెమలికంఠపు రంగు పట్టుతెర తొలగింది. కరాళదత్తుడు దిగాడు. పొడుగాటి మనిషి. మెడలో పులిగోళ్ళ దండ, చెవులకు నాగపడగల పోగులు, గద్ద ముక్కు. అతని నీడ అతనికంటే ఒక క్షణం ఆలస్యంగా కదులుతుందని ఊళ్ళో గుసగుస. వారసుడు లేని సింహాసనం మీద రేపు అతనికే పట్టాభిషేకం.

"ఇంతేనా?" అన్నాడు ఆమెను చూసి. "నా పట్నాన్ని మూడు నెలలు మెడ తిప్పించింది ఈ పిల్లా? ఎందుకు చేశావే?"

చెంగల్వ నోరు తెరవలేదు. తెరిస్తే నాలుక పోతుంది. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసే అడిగాడు.

"చూశారా, జవాబు లేదు," అన్నాడు జనం వైపు తిరిగి. "ఆకతాయితనం. అందులో అర్థం లేదు, పరమార్థం లేదు. రేపు నేను ఈ కూడలి మీదుగానే ఊరేగుతాను. దారిలో గుడ్డి సింహం అశుభం. పిల్లా, నువ్వే దీనికి కళ్ళు పెట్టు. తిన్నగా, ముందుకు చూసేట్టు. ఊరంతా చూస్తుండగా పెట్టు. ఆ తర్వాత తక్కిన ఆరూ సరిచేస్తావు."

ఆ కూడలిదే ఏడో సింహం. దాని కళ్ళు నిన్ననే కొత్వాలు మనుషులు గీకేశారు. కళ్ళుంటేనే కదా ఎవరైనా తిప్పేది. తెల్లటి గుంటలతో ఆ మహాసింహం జనం తలల మీదుగా దేన్నీ చూడకుండా కూర్చుని ఉంది.

"పెడతాను," అంది చెంగల్వ. "మా నాన్నను వదిలేయాలి."

"తిన్నగా పెడితే వదులుతాను. వెంట్రుకవాసి పక్కకు జరిగిందా, ఇద్దరికీ ఒకే బట్టీ."

"అయితే నాకొక అద్దం ఇప్పించండి అయ్యగారూ."

కరాళదత్తుడు నవ్వాడు. "ఏడు తరాల అద్దమా? మూడు లోకాల మంత్రాలు చదివినవాణ్ణి, గచ్చు బొమ్మ చూపుకు నన్ను భయపడమంటావా? అద్దం లేదు. ఎదురుగా చూస్తూ పెట్టు." అతని చూపు బండిచక్రం మీదకు మళ్ళింది. "అంత నమ్మకం ఉంటే సరే. ఉగ్గనా, ఆ ముసలాడిని తెచ్చి సింహం ముందు నిలబెట్టు. తొలిచూపు ఇతని మీదే పడనీ. పగులుతాడో లేదో మనమూ చూద్దాం."

కొందరు భటులు నవ్వారు. ఉగ్గన నవ్వలేదు. "అయ్యా, ముసలివాడు..." అని ఏదో అనబోయి, మంత్రి ముఖం చూసి ఆపేశాడు. కట్లతోనే సోమలింగాన్ని నడిపించి సింహానికి ఎదురుగా పది అడుగుల దూరంలో నిలబెట్టాడు.

వెల్ల కోసం సింహం ముఖం ఎత్తున కట్టిన పరంజాను చెంగల్వ ఎక్కింది. పైకి చేరి కిందికి చూసింది. తండ్రి తల ఎత్తి, ఏమీ కనపడని కళ్ళతో ఆమె ఉన్న వైపే చూస్తున్నాడు. తిన్నగా పెడితే తొలిచూపు ఆయన గుండె మీద పడుతుంది. పక్కకు పెడితే బట్టీ. గంటవాడు అప్పుడే గంటమెట్లు ఎక్కుతున్నాడు.

"చెంగల్వా," పిలిచాడు సోమలింగం. అందరికీ వినబడేట్టే అన్నాడు. "చేయి వణుకుతోందా?"

"కొంచెం, నాన్నా."

"వణకకూడదు. నేను ఎదురుగా ఉన్నాననుకోకు. నాకెటూ కనపడి చావదు. కన్ను వేసేవాళ్ళం మనం. ఏ చూపు ఎక్కడ పడాలో అది చూసుకో, చాలు."

ఆమె కుంచె కాటుకలో ముంచి, రెండు కళ్ళకూ అంచులు గీసింది. సింహపు కంటిగుంట ఆమె తలంత ఉంది. ఏ చూపు ఎక్కడ పడాలో. ఆమె కుడిపక్కకు తిరిగి చూసింది. కోట బురుజులకు అవతల నీటిమేడ, దాని మధ్యలో తను పూసిన గచ్చు మచ్చ, ఇక్కడినుంచి తెల్లటి గోరంత.

అప్పుడు తట్టింది. ఆరు సింహాలకూ ఆమె అద్దం అడ్డం పెట్టింది. ఆరు తొలిచూపులూ ఆ మేడ వైపు బయలుదేరి, దారిలోనే ఆమె అద్దాలను పగలగొట్టి ఆగిపోయాయి. ఆమే ఆపేసింది. ఈసారి చేతిలో అద్దం లేదు. ఇవ్వనన్నది కరాళదత్తుడే.

చెంగల్వ సింహం ముక్కుకు ఎడమవైపుకు జరిగింది. కింద ఉన్నవాళ్ళకు కళ్ళు కనపడకుండా తన వీపు అడ్డం పెట్టింది. ఒక కన్నుకు కనుపాప పెట్టింది, గుంట చివరకంటా జరిపి. కింద ఎవరికీ తెలియలేదు.

"ఇంకెంతసేపు?" అరిచాడు కరాళదత్తుడు.

"ఒక్క చుక్క, అయ్యగారూ."

ఠంగుమని మధ్యాహ్నపు గంట మొదటి దెబ్బ మోగింది. ఆమె రెప్పలు వాల్చి రెండో కనుపాప పెట్టి, అదే ఊపున పరంజా బల్లల మీద బోర్లా పడిపోయింది.

ఆమె నెత్తి మీదుగా ఏదో పోయింది. గాలి కాదు. కొలిమి తలుపు తెరిచి మూసినట్టు ఒక్క సెగ. పక్కనుంచి పోయిన ఆ సెగకే పల్లకి పైన కట్టిన గాజు కలశం భళ్ళున పగిలింది. ఊరి పైకప్పుల మీద పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. గంట రెండో దెబ్బకు దూరాన, కోట వెనక, పిడుగు పడ్డట్టు చప్పుడైంది.

వేలమంది తలలు అటు తిరిగాయి. మూడు నెలలుగా అలవాటైన మెడలు, ఎటు తిరగాలో ఒకరు చెప్పనక్కర లేకపోయింది.

నీటిమేడ మధ్యలో తెల్లటి మచ్చ లేదు. నల్లటి కన్నం ఉంది. ధూళి చెదిరింది. వంగిపోయిన కడ్డీల మధ్య నుంచి ఒక చేయి బయటికి వచ్చింది. ఆ చేతిలో పసుపుపచ్చ ఉత్తరీయం. వైడూర్యపురిలో రాజవంశం వారు తప్ప మరొకరు కట్టని రంగు. ఆ చేయి ఉత్తరీయాన్ని ఒకసారి, రెండుసార్లు ఊపింది.

కూడలి అంతా ఆ చేతినే చూస్తోంది. జనం వెనకనుంచి ఎవరో దగ్గారు. దాచిన గుట్టు బయటపడగానే మంత్రి కట్టు తెగి, నోట్లోంచి రాతిపలక ఒకటి ఊడి నేల మీద టక్కున పడింది. మేస్త్రి గవరయ్య ఆర్నెల్ల తర్వాత నాలుక కదిపాడు.

"యువరాజు," అన్నాడు. గొంతు తుప్పు పట్టిన గడియలా ఉంది. "యువరాజు బతికే ఉన్నాడయ్యా. నేను చూశాను. మూసింది నేనే."

కరాళదత్తుడి ముఖంలో నెత్తురు లేదు. "ముసలాడిని బట్టీలో వెయ్యండి," అన్నాడు. భటులు ఉగ్గన వైపు చూశారు. ఉగ్గన నీటిమేడ వైపు చూస్తున్నాడు. అతని ఈటె మొన మెల్లగా నేలకు దిగింది.

"అయ్యా, ఆ చేయి ఎవరిది?" అనడిగాడు అతను.

ఆ సందులో బుడగయ్య పొట్టతో ఇద్దరు భటులను తోసుకుంటూ పోయి, నడుముకున్న తాపీతో సోమలింగం కట్లు తెంపి, ముసలాడిని చంటిబిడ్డలా భుజాన వేసుకున్నాడు. "పదండి పెద్దాయనా. నేను మాట్లాడిన బూతులన్నిటికీ మీ అమ్మాయి నా చేత క్షమాపణ చెప్పించుకోవాలి. మీరు ఉండాలి."

జనం వాళ్ళిద్దరినీ మింగేశారు. ఇక భటులకు దారి లేదు.

కరాళదత్తుడు జనాన్ని చూడలేదు, చెంగల్వను చూడలేదు. నీటిమేడనే చూశాడు. పెదవులు కదిలాయి. పులిగోళ్ళ దండ తెంపి గాలిలోకి విసిరాడు. ఆలస్యంగా కదిలే అతని నీడ నేలమీదినుంచి లేచి అతన్ని కప్పేసింది. మరుక్షణం అక్కడ మనిషి లేడు. పల్లకి వెడల్పు రెక్కలున్న నల్లటి రాబందు ఒకటి నేలను తన్ని లేచింది. దాని రెక్కల గాలికి పరంజా కూలింది. అది కోట వైపు, పసుపు ఉత్తరీయం ఊగుతున్న కన్నం వైపు, బాణంలా పోతోంది.

పరంజా విరిగే క్షణాన చెంగల్వ ఎగిరి అందిన దాన్ని పట్టుకుంది. సింహం జూలు. గచ్చు జూలు. వేళ్ళ కింద అది పెచ్చులూడింది. పెచ్చు కింద ఇటుక తగలలేదు, రాయి తగలలేదు. ఏదో మెత్తగా, వెచ్చగా తగిలింది. ఆమె గుప్పిట నిండా వెంట్రుకలు.

ఆమె మెడ తిప్పి చూసింది. ఇప్పుడే పెట్టిన కాటుక ఇంకా తడి ఆరలేదు. ఆ తడి కన్ను రెప్ప వేసింది.

"అమ్మా, దిగకు," జనం మధ్య ఎక్కడినుంచో తండ్రి గొంతు వినిపించింది. ఆయనకు ఏమీ కనపడదు. కానీ ఏడు తరాలుగా బొమ్మలకు కళ్ళు తెరిపించిన ఇంటివాడు. "కూర్చో. గట్టిగా పట్టుకో."

చెంగల్వ రెండు కాళ్ళూ మెడకు అటూ ఇటూ వేసి జూలు బిగించింది. ఆమె కింద కొండ ఒకటి ఊపిరి పీల్చినట్టయింది. సున్నం జలజలా రాలింది. ఉత్తరపు కూడలి నుంచి ఒక గర్జన వినిపించింది. తర్వాత తూర్పునుంచి. తర్వాత మిగిలిన నాలుగు కూడళ్ళ నుంచీ ఒకదాని వెంట ఒకటి, వైడూర్యపురి రాగి చూరులన్నీ మోగేట్టు.

ఏడో సింహం తల ఎత్తి, ఆకాశంలో చిన్నదవుతున్న నల్లటి రెక్కలను చూసి, తరతరాల గచ్చును ఒక్క విదిలింపుతో రాల్చేసి, కోటగోడ మీదకు దూకింది.